మోటుపల్లి రేవుకు బడిపిల్లలను తీసుకెళ్లడం ఎలా?

ఒంగోలు నుంచి చీరాల వైపు వెళ్లే 216వ జాతీయ రహదారి మీద చినగంజాం దాటి సముద్రం వైపు తిరిగితే మోటుపల్లి వస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ఈ మండలం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది కానీ, అంతకుముందు ప్రకాశం జిల్లాలోనిదే కావడం వల్ల మన బడుల విహారయాత్రల జాబితాలో ఈ పేరు ఎప్పటినుంచో ఉంది. అయితే జాబితాలో ఉండటం వేరు, పిల్లలు అక్కడ ఏదైనా నేర్చుకుని రావడం వేరు. ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే పిల్లలను ఒక్క రోజు కోసం అక్కడికి తీసుకెళ్లే ఉపాధ్యాయులకు ఏ పని ఎప్పుడు, ఏ వరుసలో చేయాలో ఈ వ్యాసం చెబుతుంది. ఒంగోలు, టంగుటూరు, కొత్తపట్నం ప్రాంతాల బడులను దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి, ఇతర ప్రాంతాల వారు ప్రయాణ సమయాలను తమకు తగినట్టు సరిచూసుకోవాలి.

ముందుగా ఒక ప్రశ్నను ఎంచుకోండి. మోటుపల్లిలో చూడదగినవి చాలా ఉన్నాయి. వాటన్నిటినీ చూపించాలనుకుంటే పిల్లలకు చివరికి బస్సులో తిన్న పులిహోర ఒక్కటే గుర్తుంటుంది. నేను వాడే ప్రశ్న ఇది: “తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఆ సరుకు ఎవరిది?” కాకతీయ గణపతిదేవుడు ఇక్కడి వీరభద్రస్వామి ఆలయ స్తంభం మీద చెక్కించిన అభయ శాసనం సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు చెబుతుంది. శాసనం ఏం చెప్పిందో ముందే చెప్పేయకుండా, ప్రశ్నను మాత్రం వారం రోజుల ముందు నల్లబల్ల మీద రాసి వదిలేయండి. ‘దొరికినవాడిది’, ‘రాజుది’, ‘పోగొట్టుకున్నవాడిది’ అంటూ తరగతి మూడు ముక్కలై వాదించుకుంటే యాత్ర సగం విజయవంతమైనట్టే.

రెండో పని, మీరు ఒక్కరే ముందుగా వెళ్లి చూసి రావడం. దీనిని ఎవరికీ అప్పగించవద్దు. నేను మొదటిసారి తొంభై మంది పిల్లలతో, స్థలం చూడకుండానే, ఎవరో చెప్పిన మాట నమ్మి బయలుదేరాను. బస్సు ఆగిన చోటి నుంచి సముద్రం కనిపించగానే పిల్లలంతా అటు పరుగెత్తారు. వారిని లెక్కపెట్టి తిరిగి ఒకచోట చేర్చేసరికి పదకొండయింది. ఆలయం తలుపులు అప్పటికే మూసేశారు. ఆ రోజు శాసనం చూసినవాణ్ణి నేను కూడా కాను. ముందుగా వెళ్లినప్పుడు ఆలయం ఏ వేళల్లో తెరిచి ఉంటుందో, బస్సు ఎక్కడ తిరగగలదో, నీడ ఎక్కడ ఉందో, తాగునీరు దొరుకుతుందో లేదో చూసుకోవాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి. ఊళ్లోని ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి మాట్లాడుకుంటే ఇది చాలావరకు తీరుతుంది. అది తేలకుండా యాత్ర తేదీ ఖరారు చేయకూడదు.

అదే రోజు ఆలయ అర్చకులను, గ్రామ పెద్దలను, తీరంలోని పట్టపుపాలెం (మత్స్యకారుల వాడ) పెద్దలను కలవాలి. శాసనం ఉన్నది పూజలు జరిగే గుడిలో కాబట్టి, పిల్లలు ఎంతసేపు ఉంటారో, స్తంభం దగ్గర ఏం చేస్తారో వారికి స్పష్టంగా చెప్పి అనుమతి పొందాలి. పాలెంలో అనుభవజ్ఞుడైన మత్స్యకారుడు ఒకరిని ఆ ఉదయం పిల్లలతో ఉండమని అడగండి. ఆయన వేట మానుకుని వస్తాడు కాబట్టి ఒక రోజు కూలికి తగ్గకుండా ఇవ్వడం న్యాయం. ఆ మొత్తాన్ని బస్సు కిరాయితో పాటే ఖర్చుల పట్టీలో రాసుకోవాలి, చివర్లో జేబులు తడుముకోకూడదు.

కాలం విషయంలో మన తీరానికి మిగతా రాష్ట్రంతో కొంత తేడా ఉంది. ప్రకాశం, నెల్లూరు తీరాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. తుఫానులు కూడా ఎక్కువగా అప్పుడే. మార్చి వచ్చిందంటే ఎండకు ఇసుక మీద నిలబడలేరు. కాబట్టి సంక్రాంతి సెలవుల తరువాత నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఉన్న కాలమే అనుకూలం. అమావాస్య, పౌర్ణములకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ పోటు ఎక్కువగా ఉంటుంది కనుక ఆ తేదీలను వదిలేయండి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాతావరణ శాఖ సూచనతో పాటు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విడుదల చేసే అలల ఎత్తు హెచ్చరికలను కూడా చూడాలి. హెచ్చరిక ఉంటే యాత్ర వాయిదా వేయాలి. ‘బస్సుకు డబ్బు కట్టేశాం’ అన్నది కారణం కాదు.

అనుమతి పత్రాల గురించి మీకు తెలిసినదే: ప్రధానోపాధ్యాయులు, విద్యాశాఖ అధికారులు, తల్లిదండ్రులు. తల్లిదండ్రుల పత్రంలో ‘పిల్లలను సముద్రంలో దించము’ అన్న వాక్యాన్ని మీరే రాసి ఇవ్వండి. ఆ ఒక్క వాక్యం వారికి ధైర్యం, మీకు కట్టుబాటు. ఒక విడతకు నలభై మందికి మించి తీసుకెళ్లవద్దు, పదిమందికి ఒక పెద్దవారు ఉండాలి. పిల్లలను జంటలుగా విడదీసి, ప్రతి జంటకూ ఒక అంకె ఇచ్చి, ఈల వినగానే అంకెలు వరుసగా చెప్పడం బడి ఆవరణలోనే రెండుసార్లు సాధన చేయించాలి. మందుల పెట్టె, 108కి ఫోను చేసే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించుకోవాలి.

యాత్రకు ముందు తరగతిలో మూడు పీరియడ్లు కావాలి. మొదటిది కాలం గురించి. శాసనం శక సంవత్సరం 1166 నాటిది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని చెప్పి, లెక్క పిల్లలచేతనే చేయించండి: 1244. ఆ ఏడాది మన పంచాంగంలో క్రోధి. 2024 ఉగాదితో మొదలైనది కూడా క్రోధి. రెంటి మధ్య 780 ఏళ్లు, అంటే అరవై ఏళ్ల చక్రం పదమూడుసార్లు తిరిగింది. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ నోట వినే సంవత్సరాల పేర్లతో చరిత్ర తేదీ ఇలా ముడిపడితే ఏడో తరగతి పిల్లలు కూడా దాన్ని మరచిపోరు.

రెండో పీరియడు పటం గురించి. తూర్పు తీరం గీసిన పటంలో సహజంగా లోతైన రేవులు ఎన్ని ఉన్నాయో వెతకమనండి. మన వైపు తీరం చాలావరకు తిన్నగా, ఇసుకతో, లోతు తక్కువగా ఉంటుంది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడితే, చిన్న పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చుకోవలసి వచ్చేది. గాలి మారితే ఆ ఓడలకు తలదాచుకునే చోటు ఉండదు. ఈ సంగతి అర్థమైతే శాసనం ఎందుకు పుట్టిందో అర్థమైనట్టే. బకింగ్‌హామ్ కాలువ ఇక్కడికి దగ్గర్లోని పెదగంజాం నుంచే దక్షిణానికి సాగుతుందనీ, సముద్రాన్ని నమ్ముకోకుండా తీరం వెంబడి సరుకు నడిపే దారిగా అది ఉపయోగపడిందనీ అదే పటంలో చూపవచ్చు.

మూడో పీరియడును నేను మార్కో పోలోకు కేటాయిస్తాను. ఆయన వర్ణించిన ‘ముత్ఫిలి’ రాజ్యం పేరు ఈ మోటుపల్లి పేరే అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని బట్టల గురించీ రాస్తూ, భర్త చనిపోయిన తరువాత ఒక రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి. అయితే ఆమె గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లో మరణించింది. మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణంలో ఈ సముద్రాల మీదుగా వచ్చింది 1290ల ఆరంభంలో. మరి ఆయన కళ్లతో చూసింది ఎంత, ఓడల మీద విన్నది ఎంత? ఈ ప్రశ్నను పిల్లలకు వదిలేయండి. పుస్తకంలో అచ్చయినదంతా నిజం కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

ఇక యాత్ర రోజు. ఒంగోలు నుంచి ఉదయం ఆరున్నరకు బయలుదేరితే ఎండ ఎక్కకముందే చేరుకుంటారు. గుడికి ముందు వెళ్లాలా, సముద్రానికా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. సముద్రానికే ముందు వెళ్లాలి. అలలు చూడని పిల్లవాడు శాసనం ముందు నిలబడినా అతని మనసు అక్కడ ఉండదు. పైగా ఓడ ఎందుకు పగులుతుందో చూశాకే ఆ రాతలోని అభయానికి విలువ తెలుస్తుంది. అయితే తడి ఇసుకకు చాలా ఇవతలే ఒక పొడవాటి తాడు పరిచి, దాన్ని దాటరాదని చెప్పాలి. తాడుకు అవతల ఇద్దరు పెద్దవారు, సముద్రానికి వీపు పెట్టి, పిల్లల వైపు చూస్తూ నిలబడాలి. సముద్రం దాకా తీసుకెళ్లి స్నానం చేయనివ్వకపోవడం కర్కశంగా అనిపించవచ్చు. పైకి ప్రశాంతంగా కనిపించే చోటే నీరు మనిషిని లోపలికి లాగుతుంది. ఈ తీరంలో ఏటా విహారానికి వచ్చి మునిగిపోయే వారిలో ఈత వచ్చినవారూ ఉంటారు. ఈ విషయంలో నేను ఎవరి బతిమాలుడుకూ లొంగను.

తాడు ఇవతల కూర్చునే చేయదగిన పనులు మూడు ఉన్నాయి. ఒడ్డుకు దూరంగా అలలు ఎక్కడ విరిగి తెల్లని నురగ అవుతున్నాయో గమనించి, ఆ గీతను పుస్తకంలో గీయమనండి. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింపావు రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. కాబట్టి నురగ గీత కనిపించిన చోట నేల పైకి వచ్చిందని, అక్కడ ఇసుక తిన్నె ఉండవచ్చని ఊహించవచ్చు. నిండుగా సరుకు ఎత్తిన ఓడ ఆ గీత దాటి రాగలదా అని అడగండి. తరువాత పది అలలు విరగడానికి ఎంత సమయం పడుతుందో గడియారంతో లెక్కించి పదితో భాగించమనండి. మూడోది అందరికీ ఇష్టమైనది: మీతో వచ్చిన మత్స్యకారుడు ఒక ఎండు కొబ్బరికాయను నీళ్లలోకి విసిరితే, అది పది నిమిషాల్లో ఒడ్డు వెంబడి ఎటు, ఎన్ని అడుగులు కొట్టుకుపోయిందో పిల్లలు ఇవతలి పొడి ఇసుక మీద సమాంతరంగా నడుస్తూ కొలవాలి. పగిలిన ఓడ సరుకు, పగిలిన చోటే ఒడ్డెక్కదన్న సంగతి ఆ కొబ్బరికాయ చెబుతుంది.

అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగుతున్న వారు కనిపిస్తే కొంత దూరం నుంచి చూడవచ్చు. అడగకుండా ఫోటోలు తీయరాదని, వేటకు బయలుదేరుతున్న వారిని ‘ఎక్కడికి?’ అని అడగరాదని పిల్లలకు ముందే చెప్పండి. ఆ మాట అపశకునమని మన ఇళ్లలో కూడా అనుకుంటారు కదా. గాలుల పేర్లు, అవి ఏ నెలలో ఎటునుంచి వీస్తాయో, మబ్బు చూసి వేట ఎప్పుడు మానుకుంటారో ఆయన్ను చెప్పనివ్వండి. మధ్యలో మీరు కల్పించుకుని పాఠ్యపుస్తకం మాటల్లోకి మార్చవద్దు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో ఆలయానికి చేరాలి. శాసన స్తంభం దగ్గరకు ఒకేసారి పదిమంది చొప్పున మాత్రమే పంపండి. అక్షరాలు బాగా కనబడాలని సుద్దపొడి, పిండి, నూనె పూయడం చాలామందికి అలవాటు. అది రాతికి చేటు, ససేమిరా చేయనివ్వకూడదు. వేలితో రాయడం కూడా వద్దు. దానికి బదులు ఒక టార్చిలైటును రాతికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి పట్టండి. ఎదురుగా వెలుగు పడితే చదునుగా కనిపించే రాయి, పక్కవెలుగులో అక్షరాల గుంతలు నీడలతో నిండి, ఒక్కసారిగా చదవదగ్గదిగా మారుతుంది. ప్రతి పిల్లవాడూ తాను గుర్తుపట్టిన మూడు అక్షరాలను చూసినవి చూసినట్టు పుస్తకంలో గీసి, పక్కన నేటి రూపం రాయాలి. మతం వల్లనో, ఇంటి ఆనవాయితీ వల్లనో గుడిలోకి రాని పిల్లలు ఉండవచ్చు. వారిని కారణం అడగకుండా, శాసనం అచ్చుప్రతిని బయట నీడలో ఇచ్చి అదే పని చేయించాలి.

ఇప్పుడు శాసనంలోని మాట చెప్పే సమయం. పూర్వపు రాజులు, ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ గాలివానకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారనీ, తాను మాత్రం దయతోను, కీర్తి కోసం, ధర్మం కోసం, ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకులకు నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నాననీ గణపతిదేవుడు చెప్పాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి. ఆ తరువాత చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు ఇలా సరుకుల పేర్లు వస్తాయి. ‘ప్రాణం కంటే ధనం గొప్పదా?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. వర్తకుడి వైపు నుంచి ఆలోచించమని చెప్పి అక్కడే ఆపండి.

భోజనాల తరువాత చెట్ల నీడలో సుంకం ఆట ఆడించాలి. నాలుగు జట్లు వర్తకులు, రెండు జట్లు రెండు రేవులు. ప్రతి వర్తక జట్టుకూ మూడు వేల మాడల (ఆనాటి నాణేలు) విలువగల సరుకు చీటీలు ఇచ్చి, ప్రతి ఆవృత్తిలో ఏ రేవుకు వెళ్లాలో వారినే ఎంచుకోమనాలి. పాచిక వేస్తే ఒకటి పడినవారి ఓడ పగిలినట్టు. మొదటి రేవులో పగిలిన ఓడ సరుకంతా రాజుది, ఒడ్డెక్కిన ఓడకు సుంకం లేదు. రెండో రేవులో ఓడ పగిలినా పగలకపోయినా ముప్పైకి ఒకటి, అంటే వంద మాడలు కట్టి మిగిలినది తీసుకెళ్లవచ్చు. మొదట్లో పిల్లలు సుంకం లేని రేవుకే పరుగెత్తుతారు. రెండు మూడు ఓడలు పగిలాక మెల్లగా రెండో రేవు నిండుతుంది. ఎనిమిది తొమ్మిది తరగతుల వారితో లెక్క కూడా వేయించండి: ఆరింట ఒకసారి మూడు వేలు పోవడం అంటే సగటున విడతకు అయిదు వందల నష్టం, సుంకం మాత్రం వంద. ఇక గణపతిదేవుడిది దయా, లెక్కా అన్న చర్చ దానంతట అదే మొదలవుతుంది. రెండూ కావచ్చని నా అభిప్రాయం, కానీ అది నేను వారికి చెప్పను.

సమయం ఉంటే ఈ ఇసుక నేలల్లో తవ్వుకునే దొరువును ఒకటి చూపించండి. సముద్రానికి అంత దగ్గర్లో, రెండు మూడు మూరల లోతులో తియ్యటి నీళ్లు ఎలా ఊరుతాయన్నది పిల్లలకు నిజమైన ఆశ్చర్యం. ఇసుకలో ఇంకిన వాననీరు, దానికంటే బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. లీటరు మంచినీరు ఒక కిలో ఉంటే సముద్రపు నీరు దాదాపు 25 గ్రాములు ఎక్కువ తూగుతుంది. గాజుగ్లాసులో రంగు కలిపిన ఉప్పునీటి మీద గరిటె ఆనించి మెల్లగా మంచినీరు పోసి దీన్ని అక్కడే చూపవచ్చు. ఎక్కువ తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుందని రైతులు చెప్పే మాటకు కారణం కూడా ఆ గ్లాసులోనే కనిపిస్తుంది.

తిరుగు దారిలో చినగంజాం ఉప్పు మడులను బస్సు దిగకుండానే చూపించి, దేవరంపాడు దగ్గర అరగంట ఆగితే మంచిది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో టంగుటూరి ప్రకాశం పంతులు శిబిరం నడిపిన ఊరు అది. ఉదయం చూసిన శాసనం పాలకుడు తన సుంకానికి తానే హద్దు గీసుకున్న కథ అయితే, ఇది ప్రజలు పన్నును ధిక్కరించిన కథ. చీరాల వైపు నుంచి వచ్చే బడులకు దేవరంపాడు దూరమవుతుంది. వారు 1918లో వేటపాలెంలో మొదలై, 1929లో గాంధీజీ వచ్చి వెళ్లిన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని చూడవచ్చు. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు.

బడికి వచ్చాక ‘నా విహారయాత్ర’ అనే వ్యాసం రాయించే ఆనవాయితీని ఈసారికి వదిలేయండి. ప్రతి బడిలోనూ పోయిన పెన్నులు, టిఫిను డబ్బాలు, గొడుగులు చేరే పెట్టె ఒకటి ఉంటుంది. ఆ వస్తువులు ఎవరివి, ఎన్ని రోజులు ఉంచాలి, దొరికినవారికి ఏమైనా దక్కాలా అన్నది తేల్చే శాసనాన్ని పిల్లలచేత రాయించండి. పూర్వం ఏం జరిగేది, ఇకపై ఏం జరుగుతుంది, ఎందుకు అన్న మూడు భాగాలూ అందులో ఉండాలి. తేదీని శక సంవత్సరంలోనూ, సంవత్సరం పేరుతోనూ వేసి, ప్రధానోపాధ్యాయులతో సంతకం చేయించి ఆ పెట్టె మీదనే అతికించండి.